నెలసరి ముందు బాధలకు నడక మందా?

మన దేశంలో ఆడవాళ్ళ నెలసరి గురించి రెండు మాటలు ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. మొదటిది: "పూర్వం ఆడవాళ్ళు తిరగలి విసిరారు, రోట్లో దంచారు, బావిలో నీళ్ళు తోడారు. అందుకే వాళ్ళకి ఈ కడుపుబ్బరాలూ, చిరాకులూ, ఏడుపులూ లేవు. ఇప్పటివాళ్ళకి ఒళ్ళు వంగదు, అందుకే ఈ జబ్బులు." రెండోది: "మన పెద్దలు ఎంత శాస్త్రీయంగా ఆలోచించారో చూడండి. ఆ మూడు రోజులూ ఆడవాళ్ళని ఏ పనీ ముట్టుకోనివ్వకుండా దూరంగా కూర్చోబెట్టి విశ్రాంతి ఇచ్చారు."

పొద్దున మొదటిది పంపిన పెద్దమనిషే సాయంత్రం రెండోది కూడా వాట్సాప్‌లో పంపడం నేను చూశాను. ఇంతకీ పని చేస్తే బాధ పోతుందా, పని మానేస్తే పోతుందా? రెండూ నిజమే అనుకోవాలంటే కనీసం తేదీలైనా సరిపోవాలి. ఆ తేదీల సంగతే ఈ వ్యాసం.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. పైగా మగవాణ్ణి. "దీని గురించి మీకేం తెలుసు?" అని అడిగే హక్కు పాఠకులకి, ముఖ్యంగా పాఠకురాళ్ళకి ఉంది. ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలియదు. కానీ ఎవరైనా ఒక ఖర్చు చూపించి "ఇది ఫలానా కారణం వల్ల అయింది" అంటే, ఖర్చు తేదీనీ కారణం తేదీనీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. సెలవులో ఉన్న జవాను పేరు మీద ఆ రోజుల రేషన్ తీశారా, వర్క్‌షాపులో ఉన్న లారీకి అదే వారంలో డీజిలు పోసినట్లు రాశారా, ఇవన్నీ తేదీలు చూస్తేనే బయటపడతాయి. పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు.

ఇంతకీ పి.ఎం.ఎస్. అంటే ఏమిటి?

అండం విడుదలైన తర్వాత, మళ్ళీ నెలసరి వచ్చేలోపు సుమారు రెండు వారాలు ఉంటాయి. ఆ రెండు వారాల్లో, ముఖ్యంగా చివరి వారంలో, కొందరికి చిరాకు, దిగులు, ఊరికే ఏడుపు రావడం, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, రొమ్ముల్లో సలపరం, కడుపు ఉబ్బరం, ఒళ్ళు బరువు, తీపి తినాలనే యావ లాంటివి వస్తాయి. నెలసరి మొదలైన కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి. ఆ తర్వాత ఒక వారమైనా ఆమె మామూలుగా ఉంటుంది. మళ్ళీ తర్వాతి నెల అదే వరస. దీన్నే ఇంగ్లీషులో ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, పొట్టిగా పి.ఎం.ఎస్. అంటారు.

1931లో న్యూయార్కు డాక్టరు రాబర్ట్ ఫ్రాంక్ తన దగ్గరికి వచ్చిన 15 మంది గురించి రాస్తూ దీన్ని నెలసరి ముందు టెన్షన్ అన్నాడు. 1953లో ఇంగ్లండులో రేమండ్ గ్రీన్, కేథరీనా డాల్టన్ అనే ఇద్దరు డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ఇప్పటి పేరు స్థిరపడింది. ఇందులో బాగా తీవ్రమైన రకానికి పి.ఎం.డి.డి. అని పేరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో దాన్ని తమ పుస్తకం అనుబంధంలో పెట్టి, 2013లో అసలు జాబితాలోకి తెచ్చింది.

2013 నిబంధనల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. రోగి గుర్తు తెచ్చుకుని చెప్పింది ఒక్కటే చాలదు. కనీసం రెండు నెలసరి చక్రాల పాటు ఏ రోజుది ఆ రోజు రాసిన పట్టిక ఉండాలి. అది లేనిదే రోగం ఖాయం కాదు. అంటే డాక్టర్లు కూడా ఓచరు అడుగుతున్నారన్న మాట!

ఓచరు అడిగితే ఏమవుతుందో 2024లో వచ్చిన ఒక సమీక్ష చూపించింది. పి.ఎం.డి.డి. ఎంతమందికి ఉంది అన్న అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, రోజువారీ పట్టిక లేకుండా తేల్చిన చోట నూటికి 7.7 మంది, పట్టిక ఉన్న చోట నూటికి 3.2 మంది తేలారు. ఆస్పత్రులకు వచ్చినవాళ్ళని వదిలి మామూలు జనంలో పట్టికతో చూస్తే 1.6. మొత్తం బాగా తగ్గింది కదా అని కొట్టిపారేయకండి. 1.6 అంటే వెయ్యిమంది ఆడవాళ్ళలో 16 మంది. ఒక మాదిరి ఊళ్ళో ఒక బస్సు నిండుతారు.

మూడు రోజుల విశ్రాంతి, తేదీల తేడా

ఇప్పుడు వాట్సాప్‌లో రెండో మాట తీసుకుందాం. "బయట చేరడం" ఎప్పుడు మొదలవుతుంది? రక్తస్రావం కనపడిన రోజున. పి.ఎం.ఎస్. బాధ ఎప్పుడు తగ్గడం మొదలవుతుంది? దాదాపు అదే రోజున, లేదా ఒకటి రెండు రోజుల్లో. అంటే ఆమెకి ఒళ్ళు బరువెక్కి, నిద్ర పట్టక, చీటికిమాటికి కళ్ళు తిరుగుతున్న వారమంతా ఆమె చేతే వంట చేయించి, తీరా ఆ బాధ దిగిపోయే వేళకి చాప ఇచ్చి మూల కూర్చోబెట్టారు. విశ్రాంతే ఉద్దేశం అయితే తేదీ తప్పింది. తేదీ తప్పలేదు, రక్తాన్ని చూసే ఆ తేదీ పెట్టారు అంటే ఉద్దేశం విశ్రాంతి కాదు, మైల. రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

"నెలసరి నొప్పి కోసం ఆ విశ్రాంతి" అని కొందరు సర్దిచెబుతారు. నెలసరి నొప్పి వేరు, పి.ఎం.ఎస్. వేరు. రక్తస్రావంతో పాటు పొత్తికడుపులో వచ్చే నొప్పికి కారణం గర్భాశయం గోడలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు. ఆ నొప్పికి కూడా కదలకుండా కూర్చోవడమే మందు అని ఎవరూ రుజువు చేయలేదు. 2019లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో వారానికి మూడుసార్లయినా, 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేసినవాళ్ళకి నొప్పి 100 కొలతలో సుమారు 25 పాయింట్లు తగ్గినట్లు కనపడింది. సాక్ష్యం నాణ్యత తక్కువేనని వాళ్ళే రాశారు. అయినా అది మూల కూర్చోవడానికి అనుకూలంగా ఉన్న సాక్ష్యం మాత్రం కాదు.

పైగా ఆ మూడు రోజుల విశ్రాంతి ఎవరికి దక్కింది? రోజు కూలికి నాట్లు వేసే ఆడమనిషికి ఆ మూడు రోజులూ మానుకునే వీలు ఎక్కడిది? పశ్చిమ నేపాల్‌లో ఛౌపడి పేరుతో ఆడవాళ్ళని ఊరి బయట పాకల్లో, పశువుల కొట్టాల్లో పడుకోబెట్టేవారు. చలికి, పొగకి ఊపిరాడక, పాము కాటుకి కొందరు చనిపోయారు. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఆచారాన్ని ఆపమంది. అది చాలక 2017లో చట్టం చేయవలసి వచ్చింది. ఒక మనిషిని అలా ఉంచడాన్ని విశ్రాంతి అనే ముందు, అనేవాళ్ళు ఒక్క రాత్రి అక్కడ పడుకుని రావాలి.

తిరగలికి దక్కని క్రెడిట్

ఇక మొదటి మాట. మన అమ్మమ్మలకి పి.ఎం.ఎస్. లేదట. ఎవరు లెక్క రాశారు? ఆడవాళ్ళు ఆ మాట పైకి చెప్పుకోవడమే సిగ్గు అనుకున్న కాలంలో, చెప్పలేదు కాబట్టి లేదు అనడం ఎలా ఉంటుందంటే, క్యాష్‌బుక్కు పెట్టని ఆఫీసులో ఖర్చే లేదన్నట్లుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1950లలో మన దేశంలో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురి దాకా పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది 2.0. కడుపుతో ఉన్నన్నాళ్ళూ నెలసరి రాదు. పాలిచ్చేటప్పుడు కూడా చాలామందికి నెలల తరబడి రాదు. ఆరేడు కాన్పులయిన అమ్మమ్మ తన జీవితంలో చూసిన నెలసరులే మనవరాలి కంటే చాలా తక్కువ. నెలసరి లేకపోతే నెలసరి ముందు వారం కూడా ఉండదు కదా! తిరగలికి క్రెడిట్ ఇచ్చేముందు ఈ పద్దు తీసివేయాలి. అది తీసేశాక తిరగలికి ఏమన్నా మిగులుతుందో లేదో ఎవరూ కొలవలేదు.

"అంతా భ్రమే" అనే మన మిత్రులు

ఆచారాలను సమర్థించేవాళ్ళని అడిగినట్లే మనవాళ్ళని కూడా అడగాలి. హేతువాద మిత్రుల్లో కొందరు, ఎక్కువగా మగవాళ్ళు, "పి.ఎం.ఎస్. అంటూ ఏమీ లేదు, మందుల కంపెనీలు పుట్టించినది" అంటారు. వాళ్ళకి ఇష్టమైన సాక్ష్యం 1977లో డయాన్ రూబుల్ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగం. 44 మంది విద్యార్థినులు. అందరికీ నెలసరి ఇంకో వారం లోపే ఉంది. ఒక యంత్రం పెట్టి పరీక్ష చేసినట్లు నటించి, కొందరికి "మీకు ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అనీ, కొందరికి "ఇంకా చాలా రోజులుంది" అనీ చెప్పారు. రేపోమాపో అని నమ్మినవాళ్ళు ఒంట్లో నీరు చేరినట్లు, ఇతర బాధలు ఉన్నట్లు ఎక్కువగా రాశారు. నిజానికి అందరి తేదీలూ ఒకటే!

చాలా మంచి ప్రయోగం. నమ్మకం బాధ లెక్కని పెంచగలదని అది చూపించింది. కానీ బాధ మొత్తం నమ్మకమేనని చూపించలేదు. ఆ అమ్మాయిలు పి.ఎం.ఎస్. రోగులు కారు, మామూలు విద్యార్థినులు.

దానికి జత చేసి చదవవలసినది 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పీటర్ ష్మిట్ బృందం రాసినది. పి.ఎం.ఎస్. ఖాయమైన స్త్రీలకు మందుతో అండాశయాల పనిని కొంతకాలం ఆపారు. చాలామందికి బాధ తగ్గింది. తగ్గినవాళ్ళకి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ తిరిగి ఇస్తే మళ్ళీ వచ్చింది. పి.ఎం.ఎస్. లేని స్త్రీలకు అదే హార్మోన్లు అలాగే ఇస్తే ఏమీ కాలేదు. అంటే హార్మోన్లు అందరికీ మామూలుగానే ఉన్నాయి, కొందరి మెదడు వాటికి వేరుగా స్పందిస్తోంది. దీన్ని భ్రమ అనడం కుదరదు.

ఉద్యోగంలో ఉండగా ఒక సంఘటన. మా సెక్షన్లో ఒకావిడ కాంట్రాక్టరు బిల్లు వెనక్కి పంపారు. బిల్లు తెచ్చిన గుమాస్తా నవ్వుతూ నాతో "మేడం గారికి ఆ రోజులనుకుంటా సార్" అన్నాడు. బిల్లు తీసి చూశాను. కొలతల పుస్తకంలో సంతకం లేదు. అంతే. లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దు కిందకి వస్తుందో తేలని మొత్తాలని తాత్కాలికంగా అందులో వేస్తాం. ఆడదాని కోపం ఏదైనా సరే ఈ "ఆ రోజుల" సస్పెన్స్ ఖాతాలో పడేసి చేతులు దులుపుకోవడం మన మగవాళ్ళకి అలవాటు. పి.ఎం.ఎస్. లేదనడం ఎంత అన్యాయమో, ప్రతి దానికీ అదే కారణమనడం కూడా అంత అన్యాయం. రెంటికీ విరుగుడు ఒకటే. తేదీ రాయడం.

నడక ఖాతాలో ఎంత పడింది?

వ్యాయామం పి.ఎం.ఎస్.ని తగ్గిస్తుందని డాక్టర్లు చాలా కాలంగా సలహా ఇస్తున్నారు. సాక్ష్యం ఎంత? 1993లో స్టీజ్, బ్లూమెంథాల్ అనే ఇద్దరు అమెరికాలో 23 మంది స్త్రీలతో మూడు నెలలు ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఆయాసం వచ్చే ఏరోబిక్ వ్యాయామం, కొందరికి బరువులెత్తే వ్యాయామం. రెండు జట్లకీ బాధ తగ్గింది. ఏరోబిక్ జట్టుకి ఎక్కువ లక్షణాలు, ముఖ్యంగా దిగులు, తగ్గాయి. ఇది గట్టి ప్రయోగమేనా? పద్ధతి మంచిదే, కానీ 23 మంది అంటే ఒక సిటీ బస్సులో సగం సీట్లు.

2020లో ఇలాంటి ప్రయోగాలన్నీ ఏరి ఒక సమీక్ష వచ్చింది. 15 ప్రయోగాలు, అన్నిట్లో కలిపి సుమారు 700 మంది. వ్యాయామం చేసినవాళ్ళకి బాధ తగ్గినట్లే తేలింది. కానీ చాలా ప్రయోగాలు చిన్నవి, పక్షపాతం చొరబడే లోపాలు ఉన్నవి. అందుకే సమీక్ష రాసినవాళ్ళు "పని చేయవచ్చు, అనిశ్చితి ఉంది" అన్న దగ్గర ఆగారు. ఇదే లెక్కని పేపర్లో వార్తగా వేస్తే "నడిస్తే పి.ఎం.ఎస్. మాయం" అవుతుంది. యోగా గురించి చెప్పేదీ ఇంతే. చిన్న ప్రయోగాలు, మంచి ఫలితాలు, పెద్ద శీర్షికలు.

ఇక్కడ ఒక చిక్కుంది. మందు మీద ప్రయోగమైతే సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగు పిండి మాత్ర ఇవ్వవచ్చు. ఎవరిది ఏదో తెలియదు. నడిచానో లేదో నడిచిన మనిషికి తెలియకుండా చేయడం ఎలా? కుదరదు. కాబట్టి "నాకు మేలు జరుగుతుంది" అన్న నమ్మకం ఎంత పని చేసిందో, కాళ్ళు ఎంత పని చేశాయో విడదీయడం కష్టం.

ఆ నమ్మకం విలువ చిన్నది కాదు. 1998లో క్యాల్షియం మీద అమెరికాలో పెద్ద ప్రయోగం జరిగింది. సుమారు 470 మంది స్త్రీలు, రోజుకి 1200 మిల్లీగ్రాములు. మూడో చక్రానికి క్యాల్షియం తీసుకున్నవాళ్ళకి బాధ 48 శాతం తగ్గింది. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళకి కూడా 30 శాతం తగ్గింది! గ్రాస్ 48, నెట్ 18. ప్రకటనల్లో ఎప్పుడూ గ్రాస్ కనపడుతుంది. మనం అడగవలసింది నెట్. ఇందాక చెప్పిన డాల్టన్ గారు ప్రొజెస్టెరాన్ ఇస్తే తగ్గుతుందని దశాబ్దాల పాటు గట్టిగా చెప్పారు. 2001లో ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఆ మాటకి ఆధారం దొరకలేదు. పేరున్న డాక్టరు చెప్పినా నెట్ అడగాల్సిందే.

వ్యాయామం ఎలా పని చేస్తుందో చెప్పే కథలు కూడా చాలా ఉన్నాయి. ఎండార్ఫిన్లు అంటారు, రక్తప్రసరణ అంటారు, ఒత్తిడి హార్మోన్లు అంటారు. కథ బాగుండటం వేరు, రుజువు వేరు. "మంత్రతరంగాలు" అనేవాళ్ళని అడిగిన ప్రశ్నే ఎండార్ఫిన్లు అనేవాళ్ళనీ అడగాలి. అయితే తేడా ఒకటుంది. దిగులుకి వ్యాయామం కొంత మేలు చేస్తుందనడానికి వేరే చోట్ల నుంచి కూడా సాక్ష్యం ఉంది. గుండెకి, చక్కెర జబ్బుకి చేసే మేలు ఎలాగూ ఉంది. నెలసరి ముందు బాధ తగ్గకపోయినా పెట్టిన పెట్టుబడి పోదు. తాయెత్తుకి ఆ సౌకర్యం లేదు.

ఒక తాయెత్తు కథ

తాయెత్తు ఊరికే అనలేదు. మా చెల్లెలి కూతురు సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాను. చదువుకున్న పిల్ల, ఉద్యోగం చేస్తోంది. పెళ్ళయిన రెండు మూడేళ్ళకి నెలలో కొన్ని రోజులు మనిషి మారిపోయేది. గది తలుపు వేసుకుని ఏడవడం, భర్త మీద విరుచుకుపడటం, "నేను లేకపోతే మీరంతా బాగుంటారు" అనడం. ఒక డాక్టరు "ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అని పంపేశాడు. అత్తవారు గాలి సోకిందేమో అని ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన తాయెత్తు కట్టాడు. నాలుగో రోజుకి పిల్ల మామూలు మనిషయింది. నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. "తాయెత్తుకి మైల తగిలింది" అని ఇంకోటి కట్టాడు. మళ్ళీ మూడో రోజుకి తగ్గింది. ఇలా ఏడెనిమిది నెలలు.

ఇందులో మోసం ఎక్కడుందో చూశారా? స్వామి దగ్గరికి ఎప్పుడు తీసుకెళతారు? బాధ తారస్థాయిలో ఉన్నప్పుడు. ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో ఏం జరుగుతుంది? నెలసరి వస్తుంది, బాధ దానంతట అదే దిగుతుంది. క్రెడిట్ తాయెత్తుకి! ఆ రోజున తాయెత్తు బదులు కొబ్బరికాయ కొట్టినా, హోమియో గుళికలు వేసినా, పార్కులో నడక మొదలుపెట్టినా అదే జరుగుతుంది. అందుకే "నేను నడక మొదలుపెట్టిన నాలుగు రోజులకే తగ్గింది" అన్న అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా రుజువు కిందకి రాదు. నెల నెలా వచ్చిపోయే బాధకి ఏ మందైనా మందే అనిపిస్తుంది. పోల్చడానికి నడవని జట్టు ఉండాలి, లేదా కనీసం నడక ముందు నెలల లెక్క, నడక తర్వాతి నెలల లెక్క పక్కపక్కన ఉండాలి.

ఈ మాటే ఆమెతో అన్నాను. "అయితే మామయ్యా, నాది భ్రమంటావా నువ్వు కూడా?" అంది.

"భ్రమ అనడం లేదమ్మా. ఏ రోజుది ఆ రోజు రాసి పెట్టు. రెండు నెలల తర్వాత ఇద్దరం చూద్దాం."

రాసింది. రోజూ పడుకునే ముందు ఒక్క లైను. డాక్టర్లు వాడే పట్టికలో లాగా చిరాకు, దిగులు, నిద్ర, ఉబ్బరం, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా అంకె. రెండు నెలల తర్వాత చూస్తే పట్టిక చదవడానికి డాక్టరు అక్కర్లేకపోయింది. నెలసరికి ఎనిమిది తొమ్మిది రోజుల ముందు నుంచి ఐదులు, ఆరులు. నెలసరి రెండో రోజు నుంచి ఒకట్లు, రెండ్లు. తాయెత్తు ఉన్న నెలకీ లేని నెలకీ తేడా లేదు. ఆ కాగితం చూశాక వాళ్ళ ఇంట్లో గాలి మాట మళ్ళీ రాలేదు. నేను ఉపన్యాసం ఇస్తే అంత పని జరిగేది కాదు.

తర్వాత మూడు నెలలు వారానికి అయిదు రోజులు నలభై నిమిషాలు వేగంగా నడిచింది. నిద్ర మెరుగైంది. ఉబ్బరం అంకెలు తగ్గాయి. దిగులు అంకెలు మాత్రం పెద్దగా కదల్లేదు. పట్టిక పట్టుకుని మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎస్.ఎస్.ఆర్.ఐ. జాతి మందు ఇచ్చారు. ఇవి మామూలు డిప్రెషన్‌కి వాడేవే. పి.ఎం.డి.డి.కి వీటిలో ఒకటైన ఫ్లుయోక్సెటిన్‌కి అమెరికా ప్రభుత్వం 2000లో అనుమతి ఇచ్చింది. డిప్రెషన్‌లో వారాలు పట్టే మందు ఇక్కడ త్వరగా పని చేస్తుంది. కొందరికి నెలలో చివరి రెండు వారాలు వాడితే చాలు. మా పిల్లకి దిగులు అంకెలు మూడుకి దిగాయి. నడక మానలేదు. "నడిచిన రోజు బాగుంటుంది మామయ్యా, అంతే, దానికి సైన్సు అక్కర్లేదు" అంటుంది. ఒక్క ఓచరుతో ఖాతా మూసేయకూడదు కాబట్టి దీన్ని రుజువుగా చూపించను. పట్టిక ఎందుకు కావాలో చెప్పడానికే రాశాను.

అరగంట ఎవరి ఖాతాలో?

ఒకటి మాత్రం ఆమె అడిగిన ప్రశ్న. "నడక మంచిదే. ఆ నలభై నిమిషాలు ఎవరిస్తారు?"

2024 కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. చేయని మగవాళ్ళు ఈ సగటులోనే లేరు! ఇంకోవైపు 2022 అంచనాల ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్ళు మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఇంత ఇంటి పని చేస్తూ శ్రమ చాలకపోవడం ఏమిటి? గిన్నెలు సర్దడం, స్టవ్ ముందు నిలబడటం కాళ్ళు లాగుతాయి గానీ గుండె వేగం పెంచవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలంటుంది. ఇంటి పని కూడా లెక్కలోకి వస్తుంది, కానీ ఆ స్థాయి శ్రమ ఉంటేనే. అందుకే "ఇల్లు ఊడ్చుకుంటే చాలదా, పార్కెందుకు?" అనే అత్తగార్లకి, భర్తలకి జవాబు: చాలదు.

వ్యాయామ ప్రయోగాల్లో తగ్గిన బాధలో కాళ్ళ వాటా ఎంతో, ఇంటి నుంచి ఆమెకంటూ దొరికిన కాసేపటి వాటా ఎంతో ఎవరూ విడదీయలేదు. నా అనుమానం రెండోదీ తక్కువేమీ కాదని. మా పిల్ల నడిచిన మూడు నెలలూ వాళ్ళాయన ఉప్మా, ఇడ్లీ నేర్చుకున్నాడు. ఆ పద్దు కూడా ఫలితంలో కలిసే ఉంటుంది.

"నువ్వు నడవట్లేదు, అందుకే నీకు ఇలా" అని దెప్పడానికి మాత్రం దీన్ని వాడకండి. ఆ వారంలో ఒళ్ళు సహకరించక నడక మానేసిన మనిషిని చూసి నడక మానేసింది కాబట్టి బాధ వచ్చిందనడం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడమే. ఇక చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే అది నడకతో తేలే విషయం కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే నేను చెప్పగలిగినది ఇంతే. ముందు ఒక నోట్‌బుక్కు. రెండు నెలలు, రోజూ ఒక లైను, వాళ్ళే రాసుకోవాలి, అడగకుండా మీరు చదవకూడదు. ఆ తర్వాత నడక గానీ, సైకిలు గానీ, ఈత గానీ, వాళ్ళకి ఇష్టమైనది, బాధ లేని వారంలో మొదలుపెట్టి మూడు నెలలు. అంకెలు తగ్గితే సంతోషం, కొనసాగించండి. తగ్గకపోతే అదే నోట్‌బుక్కు డాక్టరుకి చూపించండి. ఈ అయిదు నెలలూ ఆ అరగంట వంటింట్లో మీరు నిలబడాలి. ఆ ఖర్చు ఇంట్లో మగవాళ్ళ ఖాతాలో రాయండి.